సగంలో ఆగిపోయిన మోడల్ రైల్వే లేఅవుట్‌ను మళ్ళీ పట్టాలెక్కించడం: చెక్క నుంచి ఇంజిన్ దాకా

లేఅవుట్‌ను, అంటే బొమ్మ రైలు పట్టాలు పరిచిన చెక్క బోర్డును, అటక మీంచి దించగానే ప్లగ్గు పెట్టి ఇంజిన్ నడిపి చూడాలని చెయ్యి ఊరుకోదు. ఆ ఒక్క పనీ చెయ్యకండి. ఏళ్ళ తరబడి మూలపడ్డ ట్రాన్స్‌ఫార్మర్, ఎలుక కొరికిన వైరు, జిగురుగట్టిన గ్రీజు, ఈ మూడింటికీ ఒకేసారి కరెంటిస్తే తప్పు ఎక్కడుందో కూడా తేలదు. ముందు చెక్క చూడాలి, తరవాత ప్లాను, ఆపైన కరెంటు, పట్టాలు, పాయింట్లు (బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట్లు), చివర్న ఇంజిన్లు. కొండలూ చెట్లూ ఇళ్ళూ అన్నిటికన్నా వెనక. లేఅవుట్ రెండోసారి మూలపడేది చాలావరకు ఈ వరస తిరగబడినప్పుడే. కొత్త ఇంజిన్ కొనడంతో మొదలుపెట్టినవాళ్ళు వంకరపోయిన బోర్డు దగ్గర ఆగిపోతారు.

కింద ఇచ్చిన కొలతలు హెచ్‌ఓ స్కేలువి, అంటే 1:87, పట్టాల మధ్య 16.5 మి.మీ. ఎన్ స్కేలు (1:160, 9 మి.మీ.) వాళ్ళు దూరాలను ఇంచుమించు సగం చేసుకుంటే సరిపోతుంది. కరెంటు సంగతులు ఇద్దరికీ ఒకటే.

దించేటప్పుడు

మన దక్షిణ ఒడిశా వైపు ఈ పనికి మంచి కాలం దీపావళి వెళ్ళాక మొదలై ఫిబ్రవరి దాకా ఉంటుంది. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బి ఉంటుంది. అప్పుడు సందు లేకుండా బిగించిన పట్టా, చెక్క ఆరి కుంచించుకున్నాక పక్కకు వంగుతుంది. దించిన బోర్డును ఏ గదిలో నడపబోతున్నారో ఆ గదిలోనే బల్లపరుపుగా వారం పది రోజులు ఉంచండి. గోడకు ఆనించి నిలబెట్టొద్దు.

గ్లౌజులు, మాస్కు లేకుండా దుమ్ము దులపకండి. ఎలుక పెంటికలు, బూజు తప్పకుండా ఉంటాయి, ఒక్కోసారి తేలు కూడా. తుడవకముందే ఫోన్‌తో ఫొటోలు తీయండి. పైనుంచి నాలుగు మూలలూ, కింద ప్రతి అడుగుకూ ఒకటి. ఏ వైరు ఎక్కడికి వెళ్తోందో మర్చిపోయి ఉంటారు కాబట్టి, ఒక్క వైరు కూడా పీకకముందే రెండు చివర్లా కాగితం టేపు చుట్టి ఒకే నంబరు వేయండి.

ఇంట్లోవాళ్ళని ఒక ప్రశ్న అడగాలి: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు ఇది ఎక్కడుంది? బరంపురం, ఛత్రపురం ఇళ్ళలో రేకుల గదిలోనో, పర్లాకిమిడిలో మేడ మీది గదిలోనో ఉండి ఉంటే, ఇప్పుడు పైకి ఎంత పొడిగా కనబడినా ప్లైవుడ్ పొరలు విడి ఉండొచ్చు.

చెక్క

సన్న స్క్రూడ్రైవర్ మొనతో ఫ్రేము పొడవునా జానెడుకోసారి పొడిచి చూడండి. మొన మెత్తగా దిగినా, వేలితో కొడితే డొల్ల శబ్దం వచ్చినా ఆ ముక్క పనికిరాదు. సన్నటి మట్టి గొట్టాలు కనిపిస్తే చెద. గుండుసూది బెజ్జాలు, వాటి కింద పిండిలాంటి పొడి ఉంటే పుచ్చు పురుగు. చెద కాళ్ళకో అడ్డబద్దకో పరిమితమైతే ఆ ముక్క తీసేసి కొత్తది వేసి, చుట్టూ చెద మందు పూస్తే చాలు. పై ప్లైవుడ్‌లోకి ఎక్కితే ఆ భాగాన్ని కోసేయాలి. పార్టికల్ బోర్డు ఉబ్బితే ఇక మామూలు స్థితికి రాదు, బరువు పెట్టి అణచాలని చూడకండి, పారేయండి.

మీటరు అల్యూమినియం పట్టీని అంచు మీద నిలబెట్టి, కింద సందు చూడండి. మీటరుకు 2 మి.మీ. దాటితే సరిచేయాలి. మెలిక చూడడానికి మూల నుంచి ఎదురు మూలకు రెండు దారాలు, ఒకే ఎత్తులో బిగించి కట్టండి. మధ్యలో దారాలు ఒకదాన్నొకటి తాకాలి. ఎడం ఉంటే బోర్డు మెలి తిరిగినట్టే, దాని మీద నాలుగు ఇరుసుల బోగీ ఎప్పుడూ ఒక చక్రం లేపుకునే నడుస్తుంది. పట్టాలు తప్పడానికి కారణం పట్టాల్లోనే వెతికేవాళ్ళు ఈ దారాల పరీక్ష చెయ్యరు.

కొత్త చెక్క వేయాల్సి వస్తే ఐఎస్ 303 ముద్ర ఉన్న బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకం 12 మి.మీ. ప్లైవుడ్ చాలు. ఐఎస్ 710 మెరైన్ ప్లై ఖరీదెక్కువ, గోపాల్‌పూర్ వైపు సముద్రం గాలి నేరుగా తగిలే గదికైతే అది న్యాయమే. ఫ్రేముకు గుగ్గిలం కర్ర సులువుగా దొరుకుతుంది గానీ బరువు, పైగా ఆరేకొద్దీ తిరుగుతుంది. అదే ప్లైవుడ్‌ను 75 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోయించి నిలువుగా పెట్టి, అడ్డబద్దలు 40 సెం.మీ.కు ఒకటి వేస్తే నిటారుగా నిలుస్తుంది. కోసిన అంచులకు రెండు పూతలు ఎనామిల్ రంగు తప్పనిసరి, ప్లైవుడ్ నీరు తాగేది అంచుల్లోంచే.

ఎందుకు ఆగిందో తేల్చుకోండి

డబ్బు, ఉద్యోగం, పిల్లల చదువులు అని చెప్పుకుంటాం కానీ, బోర్డు మీద చూస్తే ఇంకో కారణం కనిపిస్తుంది. ప్లాను ఆ చోటులో పట్టదు. మన ఇళ్ళలో ఎక్కువ లేఅవుట్లు 8 అడుగులు 4 అడుగుల ఒక్క ప్లైవుడ్ షీటు మీద మొదలవుతాయి. దాని మీద పూర్తి నిడివి బోగీల ఎక్స్‌ప్రెస్ నడపాలని ఆశ.

లెక్క చూడండి. పాత రకం ఐసీఎఫ్ బోగీ ఒళ్ళు 21.3 మీటర్లు, 1:87లో 245 మి.మీ. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ 23.5 మీటర్లు, అంటే 270. వంపు వ్యాసార్థం బోగీ పొడవుకు కనీసం రెండున్నర రెట్లుండాలి, నమ్మకంగా నడవాలంటే మూడు రెట్లు. ఐసీఎఫ్‌కు అది 735 మి.మీ., దాదాపు 29 అంగుళాలు. నాలుగడుగుల వెడల్పులో 22 అంగుళాలకు మించిన వంపు పట్టదు. పొట్టి కప్లింగులతో రెండు బోగీలు తగిలించి 18 అంగుళాల వంపులో తోస్తే బఫర్లు ఇరుక్కుని లోపలి బోగీ పక్కకు దిగిపోవడం అందుకే.

రెండో ఆశ పైవంతెన. కింది పట్టా మీంచి పై పట్టా ఎత్తు కనీసం 70 మి.మీ. ఉండాలి, కింది లైనుకు కరెంటు స్తంభాలుంటే ఇంకా ఎక్కువ. నూటికి రెండు వాలు, అంటే మీటరుకు 2 సెం.మీ. చొప్పున ఎక్కాలంటే ఎక్కడానికే మూడున్నర మీటర్లు, దిగడానికి మళ్ళీ మూడున్నర. 8 అడుగుల బోర్డు పొడవు రెండున్నర మీటర్లు కూడా లేదు. చాలా లేఅవుట్లు సరిగ్గా ఈ వాలు సగం కట్టాక ఆగి ఉంటాయి.

కాబట్టి పాత ప్లానును పూర్తిచేయాలనే పట్టుదల వదిలేయండి. రెండు దారులున్నాయి. ఒకటి, ఉన్న 18–22 అంగుళాల వంపులే ఉంచి ప్రయాణికుల బండి మానేసి గూడ్సు నడపడం. బొగ్గు, ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగను 10.7 మీటర్లే, స్కేల్లో 12 సెం.మీ. పైచిలుకు, 18 అంగుళాల వంపు దానికి ధారాళం. ఆరు ఇరుసుల ఇంజిన్‌కు మాత్రం 22 ఉంచండి. కోరాపుట్, జయపురం మీదుగా ఇనుప ఖనిజం మోసే కొత్తవలస–కిరండోల్ లైను ఈ పద్ధతికి అచ్చంగా సరిపోతుంది.

రెండోది నారోగేజ్. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, తరవాత గుణుపురం దాకా పొడిగించిన లైను వెడల్పు రెండున్నర అడుగులు, 762 మి.మీ. 2004లో ఆ బండి ఆగింది, తరవాత బ్రాడ్‌గేజ్ వచ్చింది. 762ను 87తో భాగిస్తే 8.76. అంటే బజార్లో దొరికే ఎన్ స్కేలు 9 మి.మీ. పట్టాల మీద హెచ్‌ఓ కొలతల నారోగేజ్ నడిపేయొచ్చు. దీన్ని హెచ్‌ఓఈ అంటారు. పొట్టి బోగీలు 9 నుంచి 12 అంగుళాల వంపులో తిరుగుతాయి, నాలుగడుగుల షీటులో స్టేషను, వాగు మీద వంతెన, మళ్ళీ ఇంకో స్టేషను పడతాయి. బోర్డు చిన్నదైతే మా ఓటు దీనికే.

ఏది ఎంచుకున్నా ఇప్పుడు సిద్ధం చేయాల్సింది ఒక్క చుట్టు, ఒక్క సైడింగు (బండిని పక్కన నిలిపే లైను). రెండు పాయింట్లకు మించొద్దు. మిగతా పట్టాలను ఇన్సులేటెడ్ జాయినర్లతో (కరెంటు దాటనివ్వని అతుకులు) కరెంటు నుంచి విడదీసి అలాగే వదిలేయండి.

కరెంటు

ముందు పవర్ ప్యాక్ వెనక చీటీ చదవండి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన సెట్టయితే ఇన్‌పుట్ 120 వోల్టులని ఉంటుంది. మన 230 వోల్టుల్లో పెడితే క్షణాల్లో కాలిపోతుంది. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదా దాన్ని పక్కనపెట్టి ఇక్కడి కంట్రోలర్ కొనాలి. 230 వోల్టులదే అయినా వైరు తొడుగు గట్టిపడి, వంచితే పగుళ్ళిస్తే వాడొద్దు. మొదటిసారి నేరుగా గోడ ప్లగ్గులో కాక, 60 వాట్ల ఫిలమెంటు బల్బు వరసలో వచ్చే సిరీస్ బోర్డు మీద పెట్టండి, ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఉంటుంది. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు. డబ్బా విప్పి బాగుచేయడం తెలిసినవాళ్ళ పని.

తరవాత మల్టీమీటరు. పట్టాల మీద ఇంజిన్లు, బోగీలు ఏవీ లేకుండా, కంట్రోలర్ వైర్లు విప్పేసి, రెండు పట్టాల మధ్య నిరోధం చూడండి. అనంతం చూపాలి. బీప్ అంటే ఎక్కడో షార్టు. వెతకడానికి లేఅవుట్‌ను సగానికి విడదీసి, బీప్ ఏ సగంలో ఉందో చూసి, దాన్ని మళ్ళీ సగం చేయండి. ఎక్కువసార్లు దొరికేవి మూడు: పట్టాల మధ్య పడ్డ మేకు లేదా సోల్డరు ముక్క, ఎలుక తొడుగు కొరికేసిన వైర్లు, వెనక్కి తిరిగొచ్చే రివర్స్ లూపుకు కరెంటు తెగే సందులు పెట్టకపోవడం.

పాత వైరింగులో తప్పు దాదాపు ఒక్కటే. బెల్లు వైరులాంటి సన్న తీగను ఒకచోట పట్టాకు అతికించి, మిగతా దూరమంతా ఫిష్‌ప్లేట్లే (పట్టా ముక్కలను కలిపే రేకులు) కరెంటు మోస్తాయని వదిలేయడం. ఫిష్‌ప్లేటు వదులై, లోపల ఉప్పుగాలికి పట్టిన చిలుముతో ప్రతి జాయింటూ ఒక నిరోధమవుతుంది. బండి దూరంగా వెళ్ళేకొద్దీ నెమ్మదించేది అందుకే. బోర్డు కింద 1.5 చదరపు మి.మీ. ఇంటి వైరు, ఎరుపొకటి నలుపొకటి, చుట్టూ లాగండి. దాన్నుంచి ప్రతి పట్టా ముక్కకూ 0.22 చదరపు మి.మీ. మెత్తటి వైరు, 15 సెం.మీ. మించకుండా, పట్టా వెలుపలి పక్కన సోల్డర్ చేయండి. రాను పోను 10 మీటర్లకు 2 ఆంపియర్ల దగ్గర 1.5 వైరులో పోయేది పావు వోల్టు, అదే దూరం సన్న వైరే వాడితే ఒకటిన్నర వోల్టు.

సోల్డరుకు 25 నుంచి 40 వాట్ల ఐరన్, రోజిన్ ఉన్న 60/40 తీగ చాలు. యాసిడ్ ఫ్లక్సు వాడితే ఏడాదిలో వైరును తినేస్తుంది. అటూ ఇటూ పట్టా మీద తడి దూది పెడితే స్లీపర్లు కరగవు. ఐరన్ రెండు మూడు సెకన్లలో పని ముగించాలి, అంతకుమించి పడుతోందంటే పట్టా శుభ్రంగా లేదని అర్థం.

పాతది డీసీ (పట్టాల్లో వోల్టేజీ పెంచి తగ్గించి నడిపేది) అయితే ఇప్పుడే డీసీసీకి (పట్టాల్లో సంకేతాలు పంపి ఒక్కో ఇంజిన్‌నూ విడిగా నడిపే డిజిటల్ పద్ధతికి) మార్చే ఆలోచన పెట్టుకోకండి. ఒక చుట్టు నడిచాక చూసుకోవచ్చు. పాతదే డీసీసీ అయితే అతికాక ఒక పరీక్ష: బూస్టర్‌కు, అంటే పట్టాలకు కరెంటిచ్చే పెట్టెకు, అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట రూపాయి బిళ్ళ రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. బూస్టర్ వెంటనే ట్రిప్ కావాలి. కాకపోతే వైరు చాలదు, నిజం షార్టు వచ్చినరోజు ఇంజిన్ చక్రాలు కరుగుతాయి.

పట్టాలు, పాయింట్లు

పట్టా రంగు చూడండి. పసుపు ఛాయైతే ఇత్తడి. దాని చిలుము కరెంటును ఆపేస్తుంది, తీరప్రాంతంలో వారానికోసారి తుడవాల్సి వస్తుంది, ప్రధాన లైనులో ఉంటే మార్చేయడమే నయం. వెండి ఛాయైతే నికెల్ సిల్వర్. పేరులో వెండి ఉన్నా అది రాగి, నికెల్, జింకుల మిశ్రమమే.

శుభ్రం చేయడం రెండు విడతలు. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన గుడ్డ, తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సముద్రం గాలి వదిలే ఉప్పు ఆల్కహాల్‌లో కరగదు. నేరుగా ఆల్కహాల్‌తో తుడిస్తే మురికి పోయి ఉప్పు మిగులుతుంది, నెలలోపే మళ్ళీ మచ్చలు. గరుకు కాగితం వద్దేవద్దు. అది చేసిన గీతల్లో మురికి ఇంకా గట్టిగా కూరుకుంటుంది. మొండి మచ్చలకు ట్రాక్ రబ్బరు వాడి, రాలిన పొడిని బ్రష్షుతో పూర్తిగా తీసేయండి.

వంకరపోయిన ముక్కలు తీయాలంటే, కంకర ఫెవికాల్‌తో అంటించి ఉంటే పని సులువు. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి పోసి, అరగంట నాననిచ్చి, పుట్టీ రేకును కింద దూర్చి నెమ్మదిగా లేపండి. రబ్బరు జిగురైతే ఊడదు, పట్టా మీద ఆశ వదులుకోవాలి.

తిరిగి వేసేటప్పుడు మీటరుకోచోట సందు ఉంచాలి. 18 డిగ్రీల చలి నుంచి 40 డిగ్రీల ఎండకు మీటరు పట్టా దాదాపు 0.4 మి.మీ. సాగుతుంది, చెక్క కదలిక దానికి అదనం. చలికాలంలో వేస్తుంటే ఏటీఎం కార్డు మందం, 0.76 మి.మీ., సరైన కొలత. కార్డును జాయింట్లో నిలబెట్టి బిగించి, తీసేయండి. మేలో వేస్తుంటే కాగితం మందం చాలు.

పాయింట్లలో మొదట చూడాల్సింది కదిలే బ్లేడు పక్క పట్టాను తాకే చోటు. ఆల్కహాల్‌తో తడిపిన దళసరి కాగితం పట్టీని మధ్యలో పెట్టి, బ్లేడును వేలితో నొక్కి, లాగండి. నల్లటి గీత వస్తుంది, రానిదాకా లాగండి. ఎలక్ట్రోఫ్రాగ్ రకమైతే (ఫ్రాగ్, అంటే రెండు లోపలి పట్టాలు కలిసే మొన, కరెంటు మోసేది) ఫ్రాగ్ నుంచి బయటికెళ్ళే రెండు లోపలి పట్టాలకూ ఇన్సులేటెడ్ జాయినర్లు ఉన్నాయో లేదో చూడండి. ఇవి లేకపోవడమే పాయింటు మార్చగానే బండి ఆగిపోవడానికి మామూలు కారణం. కాయిల్ రకం పాయింటు మోటార్లకు కరెంటు క్షణకాలమే ఇవ్వాలి. బటన్ నొక్కి పట్టుకుంటే కాయిల్ మాడుతుంది. కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ ఒకటి వేస్తే బటన్ ఇరుక్కున్నా కాయిల్ బతుకుతుంది.

ఇంజిన్లు

మూత విప్పి, ముందు ఛాసిస్ చూడండి. పాత జింకు పోత ఛాసిస్ ఉబ్బి, పెచ్చులు లేచి, పగుళ్ళిచ్చి ఉంటే అది లోహంలోని కల్మషం వల్ల వచ్చే కుళ్ళు. మందు లేదు. మోటారు, చక్రాలు తీసి దాచుకోండి.

పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. గేర్లు విప్పి ఐసోప్రొపైల్‌లో మెత్తటి పళ్ళ బ్రష్షుతో కడిగి, ఆరాక, ప్లాస్టిక్‌కు హాని చెయ్యని నూనె సూది మొనతో ఇరుసుకు ఒక చుక్క చొప్పున వేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, జనవరి పొద్దున ఇంజిన్ కదలదు. తుప్పు వదిలించే స్ప్రేలూ వద్దు.

చక్రం తిరిగే ప్రతి చుట్టుకూ ఒకసారి టక్ మంటే ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు చీలింది. సూపర్ గ్లూ నిలవదు. గేరు రంధ్రాన్ని ఇరుసుకన్నా కాస్త సన్నగా చేసి బిగిస్తారు, ఆ బిగువే మళ్ళీ చీలుస్తుంది. కొత్త గేరు ఒక్కటే దారి. చక్రాల మీది రబ్బరు టైర్లు గట్టిపడి ఉంటే మార్చండి. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలవండి, 14.4 మి.మీ. ఉండాలి. తగ్గితే పాయింటు ఫ్రాగ్ దగ్గర చక్రం పట్టా మీదికి ఎక్కుతుంది.

నడిపే ముందు అమ్మీటరు వరసలో పెట్టండి. 12 వోల్టుల దగ్గర మంచి మోటారు 0.1 నుంచి 0.4 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ఒకటికి దగ్గరైతే వెంటనే ఆపి, గేర్లు ఎక్కడ బిగుసుకున్నాయో చూడండి. బాగుంటే బోగీలు లేకుండా సగం వేగంలో అరగంట ముందుకు, అరగంట వెనక్కు నడిపి, చక్రాలు మళ్ళీ తుడవండి. డీసీసీ డీకోడర్ (ఇంజిన్ లోపల సంకేతాలు చదివే చిప్పు) పలకకపోతే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద 8వ సీవీకి (8వ నంబరు సెట్టింగుకు) 8 రాయండి. చాలా కంపెనీల డీకోడర్లు దీనితో మొదటి స్థితికి వస్తాయి, అడ్రసు 3 అవుతుంది.

మట్టి, కంకర

పాత చెట్లూ ఇళ్ళూ మెత్తటి బ్రష్షుతో దులిపి, వాక్యూమ్ గొట్టం మూతికి పల్చటి గుడ్డ కట్టి పీల్చండి, ఊడిన చిన్న ముక్కలు గుడ్డ మీదే దొరుకుతాయి. నేలకు కొన్న పొడికన్నా మన ఎర్రమట్టే బాగుంటుంది. పెనం మీద వేయించి పురుగు చంపి, టీ వడకట్టే జల్లెడలో రెండుసార్లు జల్లించండి. రాయగడ, కోరాపుట్ మట్టిలో ఇనుప రేణువులుంటాయి, అవి ఇంజిన్ మోటారు అయస్కాంతానికి అంటుకుని లోపలికి చేరతాయి. పాలిథిన్ చుట్టిన స్పీకరు అయస్కాంతాన్ని మట్టిలో తిప్పి, అంటుకున్న నల్లపొడిని కవరు విప్పి బయట దులపండి. నలుసు కూడా అంటని దాకా తిప్పాకే ఆ మట్టిని ఫెవికాల్ నీళ్ళతో అంటించండి, అదీ పట్టాల మీద కాగితం టేపు వేశాకే.